మొక్కుగా మారిన మందు

నిద్ర లేవగానే సీతారావమ్మ చేసే మొదటి పని కోడలు లేచిందో లేదో చూడటం. నరసరావుపేట బజారులో ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య పప్పుల బస్తాలు పెట్టుకునే గది. ఆ గదికి కిటికీ లేదు. కోడలు సుబ్బరత్నం నెలలో ఇరవై రోజులు ఆ గదిలోనే, కందిపప్పు బస్తాల నడుమ చాప పరుచుకుని, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడి ఉండేది. వెలుతురు తగిలితే తల ఒక పక్కన చీలిపోతున్నట్టుంటుందని, చప్పుడు వింటే వాంతి వస్తుందని పెళ్లయిన రెండో ఏటి నుంచీ ఆమె చెబుతూనే ఉంది. తొమ్మిదేళ్లుగా విన్న మాట కావడం వల్ల సీతారావమ్మకు అది కొట్టులో తూకపురాళ్ల చప్పుడులాంటిదే అయిపోయింది. చెవిన పడేది గాని మనసుకు చేరేది కాదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. పొయ్యి తనే వెలిగించేది. మనవలిద్దరినీ తనే తయారు చేసి బడికి పంపేది. చీకటిగది గడప దగ్గర మంచినీళ్ల చెంబు కూడా పెట్టేది. అయితే పెడుతూ పెడుతూ, పక్కింటి శేషమ్మకు వినబడేటట్టుగా, మహారాణి గారికి ఇవాళ కూడా తల లేవలేదని ఒక మాట అనేది. నీళ్లూ ఆ మాటా కలిపే ఇచ్చేది కాబట్టి, నీళ్లు ఇచ్చిన పుణ్యం మాత్రమే ఆమెకు గుర్తుండేది.

కొడుకు చలమయ్య మరొక రకం దయాళువు. కొట్టులో గల్లాపెట్టె పక్కన గాజుసీసా నిండా తలనొప్పి మాత్రలుండేవి. ఊళ్లోవాళ్లకు విడిగా అమ్మే ఆ మాత్రలను భార్యకు అడిగినన్ని ఇచ్చేవాడు. మొదట్లో నొప్పి వచ్చిన రోజున ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత నొప్పి వస్తుందేమోనన్న భయంతో పొద్దున్నే ఒకటి. ఎనభై ఆరో సంవత్సరం మాఘమాసం నాటికి సుబ్బరత్నం రోజుకు నాలుగు మింగుతోంది. ఆ మాసంలోనే ఒకరోజు పొయ్యి ముందు తూలిపడి, కాగుతున్న నూనెలో చెయ్యి పెట్టింది. చెయ్యి కాలడం కళ్లకు కనబడే సంగతి గనక, చలమయ్య ఆమెను గుంటూరు తీసుకువెళ్లి నరాల డాక్టరుకు చూపించాడు.

అది పార్శ్వపునొప్పి అనీ, ముదిరి నిత్యరోగం అయిందనీ డాక్టరు చెప్పాడు. కొట్టుమాత్రలు రోజూ మింగడం వల్లే అది వేళ్లు తన్నిందన్నాడు. అవి పూర్తిగా మానాలి. నొప్పి ఉన్నా లేకపోయినా రోజుకు రెండు పూటలా తిన్న తర్వాత తాను రాసిన గులాబీరంగు మాత్ర వేసుకోవాలి. దానితోపాటు వారానికి అయిదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు జోరుగా నడవాలి. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, అంత జోరు. వేళకు తినాలి, పస్తులుండకూడదు. మాత్ర ఒక్కటే చాలదు, నడక ఒక్కటే చాలదు, రెండూ కలిపి ఆరు నెలలు విడవకుండా చేస్తేనే రోగం లొంగుతుంది. ఒక నోటుపుస్తకంలో ప్రతి రోజూ నొప్పి వచ్చిందా, మాత్ర వేసుకున్నదా, నడిచిందా అన్నవి రాయమన్నాడు. ఏది తప్పినా కారణం రాయాలన్నాడు.

ఇంటికి వచ్చి చలమయ్య తల్లితో అన్నది వేరు. "ఆరు నెలలు చూద్దాం అమ్మా. కుదిరితే సరే. కుదరకపోతే మాచవరంలో వాళ్లమ్మ దగ్గర దింపొస్తా. పిల్లలు ఇక్కడే ఉంటారు, బడి పోగొట్టుకోకుండా."

ఆ మాట వంటింట్లో ఉన్న సుబ్బరత్నం విన్నది. విన్నదని సీతారావమ్మ చూసింది. 

కొట్టుమాత్రలు మానిన మొదటి రెండు వారాలు నరకం. ముందే హెచ్చరించారని సుబ్బరత్నం చెప్పినా, చూశావా నీ డాక్టరు నిర్వాకం అని సీతారావమ్మ అంటూనే ఉంది. అయినా ఆ మనిషి తెల్లవారుజామున గోడ పట్టుకుని లేచేది, ఇడ్లీ తినేది, మాత్ర వేసుకునేది, రైలుగేటు దాటి కాలేజీ దాకా నడిచి వచ్చేది. మూడో వారం నుంచి గోడ పట్టుకోవడం మానింది. ఫాల్గుణం వెళ్లేసరికి చీకటిగదిలో చాప చుట్టి మూల నిలబెట్టారు.

ఇక్కడే సీతారావమ్మ తన మొదటి తప్పు చేసింది. కోడలి నొప్పి తగ్గడాన్ని ఆమె వైద్యానికి రుజువుగా తీసుకోలేదు, ఇన్నాళ్లూ నొప్పి లేదనడానికి రుజువుగా తీసుకుంది. నడిస్తే పోయే జబ్బు జబ్బెట్లా అవుతుందని శేషమ్మను అడిగింది. తలుచుకుంటే లేవగలిగిన మనిషి తొమ్మిదేళ్లు తనతో పొయ్యి ఊదించిందని లెక్క తేల్చింది.

శేషమ్మ దగ్గర అంతకంటే బరువైన సంగతి ఉంది. ఆ బజారు కుటుంబాల్లో ఆడది రోడ్డు మీద కనబడిందంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కూరల సంచి గాని, గుడికి తీసుకువెళ్లే పళ్లెం గాని, పేరంటం పిలుపుల కుంకుమభరిణె గాని. ఆ వస్తువే ఆమె గడప దాటినందుకు చూపించే కారణం.

"ఉత్త చేతులు వదినా," అంది శేషమ్మ గొంతు తగ్గించి. "పోతంది, వస్తంది. ఎక్కడా ఆగదు, ఎవరింటికీ పోదు. ఎవరి కోసం వెతుక్కుంటందో అని గేటు కాడ నవ్వుకుంటన్నారంట. నేను అనుకోవటం కాదమ్మా, వాళ్లు అంటన్నారు."

అదే వారంలో పక్క కొట్టాయన చలమయ్యను, మీ ఇంటామె పరుగుపందెంలో పేరిచ్చిందా ఏంది అని అడిగాడు. కొట్టులో ఉన్న నలుగురూ నవ్వారు. చలమయ్య ఆ పూట అన్నం సగంలో లేచాడు.

సీతారావమ్మ రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. అది చాలా మంచి ఉపాయమని, మళ్లీ డాక్టరు ముందు కూర్చునేదాకా ఆమెకు అనిపించింది. చైత్ర పౌర్ణమి దగ్గరపడింది. ఆనాటి నుంచి హనుమజ్జయంతి దాకా నలభై ఒక్క రోజులు, వీధి చివర ఆంజనేయస్వామి గుడిలో రోజుకు నూట ఎనిమిది ప్రదక్షిణలు. డాక్టరు చెప్పిన నడకా అవుతుంది, ఊరి నోరూ మూతపడుతుంది.

"నడవమన్నాడుగా మీ డాక్టరు. నడువు. గుళ్లో నడిస్తే అడిగేవాడు ఉండడు," అంది కోడలితో.

"అక్కడ జోరుగా నడవనియ్యరు అత్తయ్యా. పైగా అవి అయ్యేదాకా ఏమీ తినకూడదంటారు. డాక్టరు గారు పస్తు ఉండొద్దన్నారు."

"స్వామి దగ్గరికి తినిపోయేవాళ్లుంటారటే? ఇంకోటి విను. ఆ నలభై రోజులూ ఆ మాత్ర పక్కనపెట్టు. మాత్ర మింగుతా మొక్కు మొక్కితే, నీ మీద నాకు నమ్మకం లేదు స్వామీ అని మొహం మీద చెప్పినట్టే. అట్టాంటి మొక్కు మొక్కకపోతేనే మంచిది."

"మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదన్నారు."

"ఆపటం ఏముందే. ఇంట్లోనే ఉంటయి, యాడికి పోతయి."

సుబ్బరత్నం భర్త వైపు చూసింది. చలమయ్య చిట్టాపుస్తకంలోంచి తల ఎత్తకుండా, అమ్మ చెప్పేది మన మంచికేగా అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ మౌనాన్ని సీతారావమ్మ ఒప్పుకోలుగా తీసుకుంది. తనకు అనుకూలంగా ఉన్న మౌనానికి మరో అర్థం ఉంటుందని అధికారం చేతిలో ఉన్నవాళ్లకు తోచదు.

మాత్రల సీసాను ఆమె తన ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. కొడుకుతో మాత్రం, మొక్కు తీరేదాకా మాత్ర వేసుకోనని రత్నమే అన్నదని చెప్పింది. భార్యాభర్తల మధ్య మాట రాకూడదని ఆడిన అబద్ధమది. కనీసం ఆమె అలా అనుకుంది.

పల్నాటి ఎండలు ముదిరాయి. మూడో రోజున గుండె దడదడలాడుతోందని సుబ్బరత్నం చెప్పింది. ఆరో రోజున నొప్పి తిరిగి వచ్చింది. తడిబట్టలతో, ఖాళీ కడుపుతో, ముందు నడిచే ముసలివాళ్ల వెనక అడుగులో అడుగు వేస్తూ ఆమె లెక్క పూర్తి చేసేది. ఇంటికి వచ్చి చాప పరుచుకునేది. పదో రోజు నుంచి కొట్టులో గాజుసీసా మళ్లీ తరుగుతోంది. మొదట్లో స్వామి పరీక్షిస్తాడని సీతారావమ్మ ధైర్యం చెప్పింది. పంతొమ్మిదో రోజున, అరవై చుట్లు దాటాక, సుబ్బరత్నం ధ్వజస్తంభం దగ్గర వాంతి చేసుకుని పడిపోయింది. నలుగురు ఆడవాళ్లు ఆమెను మోసుకువస్తుంటే సీతారావమ్మ మనసులో మెదిలిన మొదటి మాట, అయ్యో మొక్కు చెడిందే అని.

గుంటూరు వెళ్లక తప్పలేదు. చలమయ్య పత్తి బేరం మీద చిలకలూరిపేటలో ఉన్నాడు. అందుచేత సీతారావమ్మే కోడలి వెంట బస్సెక్కింది.

డాక్టరు ముందు నోటుపుస్తకం తీసుకున్నాడు. అది పెద్ద మనవడు వాడగా మిగిలిన లెక్కలపుస్తకం. ఆయన పేజీలు తిప్పుతూ పైకే చదివాడు. మొదటి నెల ఇరవై ఒక్క రోజులు నొప్పి. రెండో నెల తొమ్మిది రోజులు. ఆ తొమ్మిదిలోనూ మంచం పట్టినవి మూడే. తర్వాత ఒక చోట ఆగి, ఇంకో పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"మాత్ర లేదు. కారణం, అత్తగారి పెట్టెలో ఉంది," అని చదివాడు. "మరునాడు. మాత్ర లేదు. కారణం, అత్తగారి పెట్టెలో ఉంది. మరునాడు కూడా అదే." ఆయన వేలితో కిందికి లెక్కపెట్టాడు. "పంతొమ్మిది రోజులు. ఒక్క అక్షరం మారలేదు. ఎవరండీ అత్తగారు?"

"నేనేనయ్యా."

ఆ వాక్యంలో తిట్టు లేదు, ఏడుపు లేదు, ఫిర్యాదు కూడా లేదు. అడిగిన గడిలో అడిగిన కారణం రాసి ఉంది. సీతారావమ్మ తన జీవితంలో ఎన్నో మాటలు పడింది, ఎన్నింటికో బదులిచ్చింది.  ఇప్పుడు దేవుడి మొక్కు అనబోయి, ఆ మాట సగంలోనే ఆపేసింది.

డాక్టరు కోపగించుకోలేదు. "దేవుణ్ణి నేనేమీ అనను. రోజూ దణ్ణం పెట్టుకోనీయండి. కానీ మీరు చేసింది వినండి. జోరుగా నడిచే మనిషిని మెల్లగా నడిపించారు. వేళకు తినే మనిషిని పస్తు పెట్టారు. ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదమైన మందును తాళంవేసి దాచారు. నేను రాసినదాంట్లో మీరు ఏదీ మిగల్చలేదు, మిగిలింది ఎండే." ఆయన చీటీ మీద రాస్తూ, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలనీ, ఆరు నెలలూ కొత్తగా లెక్కపెట్టాలనీ చెప్పాడు.

తిరుగుబస్సులో సుబ్బరత్నం కొంగు కళ్ల మీదికి లాక్కుని కూర్చుంది. ఫిరంగిపురం దాటాక సీతారావమ్మ ఉండబట్టలేక, ఇంత బాధగా ఉంటే నాకొక మాట చెప్పొచ్చుగదే అంది.

"తొమ్మిదేళ్లు చెప్పాను అత్తయ్యా," అంది సుబ్బరత్నం, కొంగు తీయకుండా.

మరునాటి ఉదయం చలమయ్య వచ్చాడు. గుడిలో పడిన సంగతి ఆయనకు దారిలోనే తెలిసింది. కాళ్లు కడుక్కుంటూనే తన నిర్ణయం చెప్పాడు. మూడు నెలలైంది, నలుగురిలో నవ్వులపాలు కావడం తప్ప ఏమీ కుదరలేదు. ఆదివారం నాడు మాచవరంలో దింపి వస్తాను. ఆరోగ్యం కుదుటపడితే అప్పుడు చూసుకుందాం.

సుబ్బరత్నం గోడకు ఆనుకుని నిలబడింది. నొప్పి ఉన్న రోజే అది. ఎడమకన్ను సగం మూసుకుని ఉంది.

"కుదిరిందండీ," అంది. "కుదిరిన రోజుల్లో ఇన్నాళ్లూ నటించానన్నారు. కుదరని రోజుల్లో పుట్టింటికి పొమ్మంటున్నారు. ఈ ఇంట్లో నేను ఏ రోజున ఉండాలో మీరే చెప్పండి."

చలమయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మాత్రలు మానుకుని మొక్కు మొక్కమని ఎవరు చెప్పారు నీకు, చేజేతులా చేసుకుని నన్నంటే ఎట్లా అన్నాడు.

సుబ్బరత్నం అత్తగారి వైపు చూడలేదు. చూసి ఉంటే, ఆ చూపును నేరారోపణగా తీసుకుని సీతారావమ్మ గొంతు పెంచేది, ఇల్లు మామూలుగా అయిపోయేది. ఆమె చూడలేదు. ఎవరైనా తన పక్షాన మాట్లాడతారన్న ఆశే లేని మనిషి నిలబడినట్టు నిలబడింది. సీతారావమ్మకు ఒక్క క్షణం స్పష్టంగా కనబడింది. తాను నోరు మూసుకుంటే ఆదివారంతో అంతా సర్దుకుంటుంది. ఊళ్లో ఎవరూ తనను తప్పుపట్టరు. పిల్లలు మాత్రం తల్లి లేని ఇంట్లో పెరుగుతారు.

"మాత్రలు ఆ పిల్ల మానలేదురా," అంది. "నేను దాచా. నీతో అబద్ధం చెప్పా. మానితే ప్రమాదమంట, గుండె ఆగేదేమో కూడా. నిన్న డాక్టరు చెప్పాడు."

చలమయ్య ఒక్క నిమిషం ఆగాడు. అంతే. "పోనీలే అమ్మా. తెలియక చేశావు. దాని మంచి కోరేగా," అన్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

సీతారావమ్మను దెబ్బతీసినది ఆ క్షమ. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన తన తప్పు ఒక్క నిమిషంలో మాసిపోయింది. ఆ మనిషి తొమ్మిదేళ్ల నొప్పి మాత్రం ఇవాళ్టిదాకా రుజువు కాలేదు. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో ఆమెకు కొత్తగా తెలిసింది కాదు. అది తన కొడుకు నోటి నుంచి, తనకు అనుకూలంగా రావడం వినడమే కొత్త.

"పోనీలే అనాల్సింది నువ్వు కాదు," అంది. "అనాల్సిన మనిషి అదిగో అక్కడ నిలబడింది. అనమని నేను అడగను. రత్నం ఏ ఊరూ పోదు. రేపటి నించి తింటది, మాత్ర వేసుకుంటది, రోడ్డు మీదే నడుస్తది. ఎవడన్నా నవ్వితే నా కాడికి పంపు."

ఆమె వెళ్లి పెట్టె తాళం తీసి, సీసా తెచ్చి కోడలి చేతికిచ్చింది. సుబ్బరత్నం తీసుకుంది. కృతజ్ఞత చెప్పలేదు. అది ఆమె వస్తువే.

మొదటి రెండు వారాలు మళ్లీ నరకమే అయింది. గాజుసీసాను కొట్టులోంచి తీయించలేకపోయినా, ఇంటి మనిషికి దాంట్లోంచి ఒక్కటి ఇచ్చినా ఊరుకోనని సీతారావమ్మ కొడుకుతో చెప్పింది. రోజూ తెల్లవారుజామున కోడలికి ఇడ్లీ పెట్టి, తానూ చెప్పులు వేసుకుని వెంట బయలుదేరేది. అలా వెళ్లడంలో కాస్త కాపలా ఉంది, కాస్త ప్రాయశ్చిత్తం ఉంది, తన నీడలో నడిస్తే ఊరు ఏమీ అనదన్న పాత గర్వమూ కాస్త మిగిలే ఉంది. రైలుగేటు దాటేసరికి ఆమెకు ఆయాసం వచ్చేది. మొదటి రోజునే, కొంచెం ఆగవే అని పిలిచింది.

"ఆగకూడదు అత్తయ్యా," అంది సుబ్బరత్నం, అడుగు తగ్గించకుండానే వెనక్కి తిరిగి. "ఆగితే అది మందు కాదు."

ఆ తర్వాత సీతారావమ్మ పిలవలేదు. కాలేజీకి ఇవతల రోడ్డు పక్కనున్న తూముగట్టు మీద కూర్చునేది. కోడలు కాలేజీ దాకా వెళ్లి, తిరిగి వచ్చి, ఆమెను దాటి గేటు దాకా వెళ్లి, మళ్లీ వచ్చేది.

శ్రావణమాసంలో ఒక ఉదయం బస్సు కోసం నిలబడ్డ పల్లెటూరి మనిషి ఒకామె, తలమీది గంప దించుకుని, దూరంగా పోతున్న సుబ్బరత్నాన్ని చూస్తూ అడిగింది.

"ఆ పోయే ఆమె మీకేమవుద్దమ్మా? పొద్దున్నే అంత జోరేంది? ఇంట్లో ఏమన్నా గొడవా?"

సీతారావమ్మ నాలుక చివర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. గుడికి పోతోంది. చుట్టాలింటికి పోతోంది. మొక్కుంది. ఊరికి చెప్పే కారణాలు ఆమెకు యాభై ఏళ్లుగా అలవాటు.

"నా కోడలు," అంది. "దానికి తలనొప్పి జబ్బు. మాత్రతో పాటు నడక రాశాడు డాక్టరు. అందుకు నడుస్తంది."

"నడిస్తే తగ్గుద్దా?"

"తగ్గింది. మధ్యలో నేను చెడగొట్టా. ఇప్పుడు మళ్లా తగ్గతంది."

ఆ మనిషి బస్సు వచ్చే వైపు తిరిగింది. కాలేజీ దగ్గర మలుపు తిరిగి సుబ్బరత్నం వస్తోంది. ఎండ సరిగ్గా ఎదురుగా పడుతోంది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, కొంగు లాక్కోలేదు. రెండు కళ్లూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. నొసటి మీద ముడత లేదు. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ ముఖం ఎవరిదోలా అనిపించింది. పదకొండేళ్లు తన ఇంట్లో తిరిగిన మనిషి అసలు ముఖం ఎలా ఉంటుందో తాను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. తాను ఇన్నాళ్లూ కోడలి ముఖమనుకుని విసుక్కున్నది ఆమె నొప్పిని. దాన్నే చిరాకన్నది, దాన్నే పొగరన్నది. సీతారావమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

సుబ్బరత్నం ఆ నీళ్లను చూసింది. అడుగు ఒక్కసారి తడబడింది. మళ్లీ కుదురుకుంది.

"ఇంకో ఇరవై నిమిషాలు అత్తయ్యా," అంది దాటిపోతూ. "ఎండ పడుతోంది, ఈ పక్కకు జరిగి కూర్చోండి."

సీతారావమ్మ జరిగి కూర్చుంది.